సముద్రం వెనక్కి పోయినప్పుడు లోపలికి నడిచి పోతారంట, పాపను పంపొచ్చునా?

పాతబస్తీ విత్తనాలు (కర్నూలు)

అందరికీ నమస్కారం. ఇక్కడ నేను ఎప్పుడు రాసినా ఉల్లిగడ్డ రేటు గురించో టీబీ డ్యాం లెవెల్ గురించో రాస్తుంటా. ఈసారి ఇంటి సంగతి. జర్మనీలో చదివినోళ్ళు గానీ, అక్కడ పిల్లలున్న తల్లిదండ్రులు గానీ ఉంటే దయచేసి చెప్పండి.

మా పాప హాంబర్గ్‌లో మాస్టర్స్ చదువుతాంది. పోయి ఇంకా ఏడాది నిండలేదు. వాళ్ళ క్లాసు పిల్లలు పది పన్నెండు మంది కలిసి వచ్చే శనివారం సముద్రానికి పోతాండారంట. పొద్దున పోయి రాత్రికి వచ్చేయడమే. దానికేముంది, చిన్నప్పుడు మేం కూడా మెరీనా బీచికి తీసుకుపోయినాం గదా, పోయిరానీలే అనుకున్నా. అసలు సంగతి మెల్లగా మరుసటి రోజు చెప్పింది. అక్కడ సముద్రం రోజూ వెనక్కి పోతాదంట. నాలుగడుగులు కాదు, కిలోమీటర్లకు కిలోమీటర్లు. నీళ్ళు పోయిన ఆ నేల మీద మూడు గంటలు నడిచి, లోపలుండే ఒక దీవికి చేరుకుంటారంట. సాయంత్రానికి సముద్రం మళ్ళా వచ్చేస్తాది, అప్పుడు ఓడెక్కి వెనక్కి వస్తారంట. ఊరు కుక్స్‌హాఫెన్, దీవి పేరు నాయ్‌వెర్క్.

నేను నమ్మలేదు. తమాషా పట్టిస్తాంది అనుకున్నా. "ఒట్టు నాయనా" అని ఒక వీడియో పంపించింది. అందులో గుర్రబ్బండ్లు పోతాండాయి! సముద్రంలో గుర్రబ్బండ్లు, ఒక్కోటి ఎత్తు చక్రాలేసుకుని, వరసగా. కింద తడి నేల, పైన మబ్బు, మధ్యలో ఇంకేం లేదు, ఒక చెట్టు లేదు, స్తంభం లేదు. మా ఇంటామె ఆ వీడియో మొత్తం చూసి, ఫోను నా చేతిలో పెట్టి, ఒక్క మాట మాట్లాడకుండా వంటింట్లోకి పోయింది. దాని అర్థం పెండ్లయిన మగాళ్ళకు నేను చెప్పక్కర్లేదు.

మాకు నీళ్ళంటే ఊరికే భయం కాదు. 2009 అక్టోబరులో కర్నూలుకు వరద వచ్చినప్పుడు మా ఇల్లు, అంగడి రెండూ పాతబస్తీలోనే ఉన్నాయి. పాప అప్పుడు ఒకటో తరగతి. రాత్రంతా పక్కింటోళ్ళ మిద్దె మీద తలదాచుకున్నాం. అందరం తుంగభద్ర వైపే చూస్తాంటిమి, నీళ్ళు మాత్రం వెనక సందులోంచి, మురికి కాలువ మూతలు లేపుకుని వచ్చినాయి. నీళ్ళు తీసినాక అంగడి షట్టర్ ఎత్తితే, లోపల మొక్కజొన్న, జొన్న విత్తనం బస్తాలు ఉబ్బి, కుట్లు తెగి, తెల్లటి మొలకలు బయటికి వచ్చి ఉన్నాయి. పెట్టుబడంతా అదే. పాపకేం తెలుసు, "నాయనా, మన అంగట్లో చేను మొలిచింది" అని చప్పట్లు కొట్టింది. వాళ్ళమ్మ మాత్రం ఇప్పటికీ తుంగభద్ర బ్రిడ్జి మీద బస్సు పోతాంటే కండ్లు మూసుకుంటాది.

ఇంగ అడగాల్సింది అడుగుతా. ఈ నడక అక్కడ అందరూ నడిచేదేనా, లేక కుర్రోళ్ళు పందెం కట్టుకుని చేసేదా? నీళ్ళు చెప్పిన టైము కంటే ముందే వచ్చేస్తే ఏం గతి? పాపకు ఈత రాదు. కాళ్ళకు ఏమేసుకోవాల? మేం గుడ్డు కూడా ముట్టం, ఆ దీవిలో ఏం దొరుకుతాది? వద్దంటే ఆగిపోతాది, ఆ పిల్ల అట్లాంటిదే. అందుకే వద్దనే ముందు తెలిసినోళ్ళను అడుగుదామని.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అన్నా, ఇందులో అడగడానికేముంది. చదువుకోడానికి పంపినాం, చదువుకుని రమ్మను. లక్షలు లోన్ తీసి పంపించేది బురదలో తిరగడానికా? ఆ దేశంలో పార్కులు లేవా, మ్యూజియంలు లేవా? ఈత రాని పిల్లను సముద్రం నడిమధ్యకు పంపే తండ్రిని నేనైతే చూడలేదు.

ఆదోని టు హాంబర్గ్ (ఇప్పుడు బెంగళూరు)

అన్నా, నేను హాంబర్గ్‌లోనే మాస్టర్స్ చేసి, అక్కడే ఉద్యోగం చేసి వచ్చినోడిని. ఆ నడక నేను నడిచినా. పాప చెప్పింది అక్షరాలా నిజం.

ఆ నేలను అక్కడోళ్ళు వాట్ అంటారు. నెదర్లాండ్స్ నుంచి జర్మనీ తీరం మీదుగా డెన్మార్క్ దాకా ఇదే రకం. సముద్రం అడుగు బల్లపరుపుగా ఉంటుంది, అందుకే నీటిమట్టం కొంచెం దిగినా అంత దూరం నేల బయటపడుతుంది. 2009లో యునెస్కో దీన్ని వారసత్వ జాబితాలో పెట్టింది, నాయ్‌వెర్క్ చుట్టూ ఉన్న హాంబర్గ్ భాగాన్ని 2011లో కలిపింది. హాంబర్గ్ భాగం అని ఎందుకంటున్నానంటే, ఆ దీవి ఎక్కడో వంద కిలోమీటర్ల దూరాన సముద్రంలో ఉన్నా లెక్కకు హాంబర్గ్ నగరం కిందికే వస్తుంది. పాప ఊరు దాటి పోతాండాది అనుకోవద్దు, వాళ్ళ మున్సిపాలిటీలోనే తిరుగుతాంది అనుకోండి! దీవిలో ఇటుకల బురుజు ఒకటుంది, 1310 నాటిది. హాంబర్గ్‌లో ఇప్పుడు నిలబడి ఉన్న కట్టడాల్లో అదే పాతది. మన కొండారెడ్డి బురుజు చూసిన కంటికి అదేం పెద్ద వింత కాదు గానీ, సముద్రంలో నడిచి నడిచి తలెత్తితే అది కనిపించేసరికి ప్రాణం లేచొస్తుంది.

అందరూ నడుస్తారా అంటే, నడుస్తారు. మా గుంపులో డెబ్బై దాటిన ముసలాయన ఉన్నాడు, స్కూలు పిల్లలున్నారు. ముసలాయన నాకంటే ముందు నడిచినాడు. కుక్స్‌హాఫెన్‌లో జాలెన్‌బుర్గ్ అనే చోట దిగితే అక్కడ నుంచి దీవి దగ్గర దగ్గర పది కిలోమీటర్లు. దారి పొడుగునా కట్టెల మోపులు నాటి ఉంటాయి, వాటి పక్కనే పోవాల. మధ్యమధ్యలో ఎత్తు స్తంభాల మీద పంజరాల్లాంటివి ఉంటాయి. నీళ్ళు కమ్ముకున్నాయనుకో, నిచ్చెనెక్కి అందులో కూర్చుని 112కు ఫోన్ చేస్తే వచ్చి దించుకుపోతారు. ఇది చెప్తే వదినకు ధైర్యం వస్తుందో, ఉన్నది కూడా పోతుందో మీరే చూసి చెప్పండి.

ఈత రావడం రాకపోవడం అక్కడ పెద్ద లెక్కలోకి రాదన్నా. వాట్ మీద ప్రాణం మీదికి వచ్చేది మూడింటితోనే. మొదటిది ప్రీల్. నీళ్ళు తీసినా లోపల కాలువలు మిగులుతాయి, వాటిని ప్రీల్ అంటారు. సముద్రం తిరిగొచ్చేటప్పుడు ముందు నిండేది అవే. మనిషి ఎదురుగా చూస్తాంటాడు, ఎదురుగా అంతా పొడినేల, ఇంకా టైముంది అనుకుంటాడు. ఈలోగా వెనక కాలువ నిండిపోయి దారి తెగిపోతుంది. రెండోది పొగమంచు. పది నిమిషాల్లో దించేస్తుంది, ఎటు ఒడ్డో ఎటు సముద్రమో తెలీదు. మూడోది పిడుగు. చుట్టూ ఎక్కడా ఎత్తు లేని చోట మనిషే ఎత్తు.

ఈ మూడింటికీ మందు ఒకటే, లైసెన్సున్న గైడు. వాతావరణం తేడాగా ఉందంటే ఆయన నడకే రద్దు చేస్తాడు, ఎవరెంత బతిమాలినా వినడు. కాబట్టి పాపను ఒకే ఒక్క మాట అడగండి: గైడుతో పోతాండారా, సొంతంగా పోతాండారా? ఫోన్‌లో మ్యాప్ ఉంది, అందరూ పోయే దారేగదా, మనమే పోదాం అని వాళ్ళలో ఎవడన్నా అంటే, అప్పుడు మీరు వద్దనండి, నేను కూడా మీ పక్కే.

అక్కడోళ్ళు నీళ్ళతో ఆటలాడరన్నా. 1962 ఫిబ్రవరిలో తుఫాను అలకు ఎల్బే నది ఎదురెక్కి, కట్టలు తెంచుకుని రాత్రికి రాత్రి హాంబర్గ్‌ను ముంచింది. ఒక్క ఆ ఊళ్ళోనే 315 మంది పోయినారు. మీరు 2009 గురించి రాసింది చదివితే మా హౌసోనరమ్మ గుర్తొచ్చింది. ఆమె కూడా ఆ రాత్రి చిన్నపిల్ల, గాలివాన ఎత్తుకుంటే చాలు నిద్రపోదు.

కాళ్ళకు: పాత కాన్వాస్ షూ, లేసులు గట్టిగా బిగించి. ఆ రోజుతో పారేసేవైతే మేలు. చెప్పులు వద్దు, బురద పీక్కుంటుంది. రబ్బరు బూట్లు అస్సలు వద్దు, లోపలికి నీళ్ళు పోతే ఒక్కోటి రెండు కిలోలవుతుంది. వట్టి కాళ్ళతో కూడా నడుస్తారు గానీ ఆల్చిప్పలు కోసేస్తాయి. మోకాళ్ళ పైకి ఉండే నిక్కరు, పైన గాలి దూరని జాకెట్టు, బ్యాగులో ఇంకో ప్యాంటు, టవలు. ఎండ కాస్తే నీడ అనేదే ఉండదు, క్రీము పూసుకోమనండి. రైలు ఖర్చు లేదు, స్టూడెంట్లకు సెమిస్టర్ ఫీజులోనే వచ్చే టికెట్ అక్కడి రీజనల్ రైలుకు చెల్లుతుంది, హాంబర్గ్ నుంచి రెండు గంటల లోపే.

ఇంకోటి. గైడు మధ్యలో ఒకచోట అందర్నీ ఆపి, మాట్లాడకుండా నిలబడమంటాడు. అప్పుడు నేల చిటపటమంటుంది. నిజంగా. బియ్యపు గింజంత రొయ్యజాతి పురుగులు లక్షల్లో ఉంటాయి బురదలో, అవి మీసాలు కదిపినప్పుడల్లా నీటిపొర చిట్లే చప్పుడంట. ఆ చప్పుడు పాపను మీకు ఫోన్‌లో రికార్డు చేసి పంపమనండి.

ఎమ్మిగనూరు అక్క

అన్నా, మా వాడు జర్మనీలోనే ఇంకో ఊళ్ళో ఉన్నాడు. నడక సంగతి నాకు తెలీదు, తిండి సంగతి చెప్తా. దీవిలో హోటళ్ళు ఉంటాయంట గానీ సముద్రం పక్కన ఏ అంగట్లో చూసినా బ్రెడ్డులో చేప పెట్టి ఇస్తారు. మా వాడు తొలిసారి పోయినప్పుడు ఆలుగడ్డ వేపుడు తప్ప ఏమీ దొరకలేదని ఏడ్చినాడు. అది కూడా చేపలు వేయించిన నూనెలోనే వేస్తున్నారేమో అడిగి తీసుకోమను.

చిత్రాన్నం కట్టుకోమను. నిమ్మకాయ అక్కడ ఎక్కడైనా దొరుకుతుంది, చెనక్కాయలు ఎక్కువ వేసుకోమను, కడుపులో నిలబడుతుంది. పెరుగన్నం వద్దు, డబ్బా మూత ఊడితే బ్యాగంతా అదే. మీరు పార్సిల్ పంపినప్పుడు ఊరిబిండి పంపించింటే అది చపాతీలో చుట్టుకుంటే ఇంకా మంచిది. ప్లాస్టిక్ నీళ్ళ బాటిలు పారేయొద్దని చెప్పు, దాని మీద డిపాజిట్ ఉంటుంది, అంగట్లో మిషన్‌లో వేస్తే 25 సెంట్లు వెనక్కి ఇస్తారు. మా వాడు గ్రౌండ్‌లో తాగి పారేసిన బాటిళ్ళు ఏరి వారానికి సరిపడా పాలు కొన్నానని చెప్పినాడు. నవ్వాలో బాధపడాలో తెలీలేదు.

ఆడపిల్ల గదా, ఆ మూడు గంటలు బాత్రూమ్ ఉండదు. పొద్దున నీళ్ళు, టీ తక్కువ తాగి, నడక మొదలయ్యే చోట పోయి రమ్మను. ఇది మగాళ్ళెవ్వరూ చెప్పరు.

హంద్రీ ఒడ్డు అన్నకు ఒక మాట. మా వాడు పోయిన మొదటి చలికాలం మధ్యాహ్నం నాలుగు కొట్టేసరికి చీకటి పడుతుందని, గదిలోంచి బయటికి రాకుండా, ఎవరితో మాట్లాడకుండా నెలరోజులు ఉన్నాడు. ఫోన్ చేస్తే బాగున్నా అనేవాడు. లోన్ కట్టాలంటే ముందు పిల్లోడు మనిషిలా ఉండాల గదా. నలుగురితో కలిసి ఎటైనా పోతాండారంటే నేనైతే దండం పెట్టుకుంటా.

సుంకేసుల రిటైర్డ్

నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యాను. సముద్రపు నడక నేను నడవలేదు కానీ నీళ్ళు ముందే వస్తే ఏం గతి అన్న ప్రశ్నకు కొంత చెప్పగలను.

నదిలో వరద ఎప్పుడొస్తుందో పైన కురిసే వానను బట్టి ఉంటుంది. ఆటుపోట్లు అట్లా కాదు, చంద్రుడి లెక్క. నీళ్ళు ఎక్కడాన్ని పోటు అంటారు, దిగడాన్ని పాటు అంటారు. ఒక పోటుకూ ఇంకో పోటుకూ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే ఈరోజు పది గంటలకు నీళ్ళు తగ్గితే రేపు పదీ యాభైకి తగ్గుతాయి. ఏడాది ముందే పట్టిక అచ్చు వేస్తారు, జర్మనీలో ఆ పని చేసే ప్రభుత్వ సంస్థ మీ పాప ఉండే హాంబర్గ్‌లోనే ఉంది. ఇంట్లో పంచాంగం ఉంటే మీరూ కొంత పట్టుకోవచ్చు. అమావాస్యకూ పౌర్ణమికీ కాస్త అటూఇటూగా ఆటుపోట్ల తేడా బాగా ఉంటుంది, అష్టమి దాటాక తక్కువగా ఉంటుంది.

మెరీనాలో ఇది ఎందుకు కనిపించదంటే, చెన్నై దగ్గర పోటుకూ పాటుకూ తేడా మీటరు అటూఇటూ. కుక్స్‌హాఫెన్‌లో అది మూడు మీటర్ల దాకా ఉంటుంది, పైగా అక్కడ నేల వాలు దాదాపు లేదు. మూడు మీటర్లు దిగితే అన్ని కిలోమీటర్లు బయటపడటం అందుకే. వచ్చేటప్పుడు కూడా అంతే, గోడలా లేచి రాదు, పరుచుకుంటూ వస్తుంది. కాకపోతే ఆ పట్టికలో గాలి ఉండదు. వాయవ్యం నుంచి గట్టి గాలి కొడితే నీళ్ళు ఒడ్డుకు తోసుకొస్తాయి, లెక్క కంటే ఎక్కువ ఎత్తుకు వస్తాయి, తగ్గాల్సినంత తగ్గవు. 1962లో హాంబర్గ్‌లో జరిగిందీ అదే. కనుక శుక్రవారం రాత్రి గాలి ఎటు నుంచి ఎంత వేగంతో ఉందో చూడమనండి. పట్టిక, గాలి, గైడు మూడూ సరిగ్గా ఉంటే నేను నా మనవరాలిని పంపుతాను.

పాతబస్తీ విత్తనాలు (కర్నూలు)

అందరికీ చాలా థాంక్స్. అక్కా, బాత్రూమ్ మాట మా ఇంటామెకు చదివి వినిపిస్తే మొదటిసారి ఫోను మళ్ళా చేతిలోకి తీసుకుంది. మీ రిప్లై మొత్తం ఆమే చదువుకుంది. సారూ, పంచాంగం కూడా తీసినాం.

పాపను అడిగినా. గైడు ఉన్నాడంట, నెల కిందటే బుక్ చేసినారంట. ఆరోజు నీళ్ళు బాగా తగ్గేది మధ్యాహ్నం పన్నెండుకు, నడక మొదలు పదికి. నీళ్ళు ఇంకా తగ్గుతాండగానే బయల్దేరాలంట, అప్పుడే దీవికి చేరేదాకా చేతిలో టైముంటాదంట. ఇంత వివరంగా నేను అడుగుతానని ఆ పిల్ల అనుకోలేదు. "ప్రీల్ ఎన్ని దాటాల" అంటే ఫోన్లో కాసేపు చప్పుడు లేదు. "నాయనా, నీకు ప్రీల్ ఎట్లా తెలుసు?" అనింది.

తమ్ముడూ ఆదోని, వెనక కాలువ ముందు నిండుతాది అని రాసినావు చూడు, అదొక్కటి నాకు ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. నేను చూసింది అదే. ఓడ గురించి ఒకటి అడగాల. నీళ్ళు సరిపోక ఓడ రాకపోతే ఏం చేస్తారు?

ఆదోని టు హాంబర్గ్ (ఇప్పుడు బెంగళూరు)

ఓడ పోటు మీదే నడుస్తుంది, ఆ టైము చూసుకునే నడక కూడా పెడతారన్నా. గాలి మరీ ఎక్కువైతే ఓడ ఆగిపోవచ్చు, అట్లాంటి రోజు గైడు అసలు నడిపించడు. ఎప్పుడన్నా ఇరుక్కుంటే దీవిలో పడుకోడానికి చోట్లున్నాయి. ఊళ్ళో జనం యాభై మంది కూడా ఉండరు, ఎవరొచ్చినారో ఎవరు పోయినారో వాళ్ళకు ఎరుకే. ఫోన్ చార్జింగ్ పెట్టుకుని పొమ్మనండి, పవర్ బ్యాంకు కూడా. ప్లాస్టిక్ జిప్ కవర్లో పెట్టుకోవాల, లేకుంటే ఒక్క జారుడుతో ఫోన్ పాయె.

హంద్రీ ఒడ్డు (కర్నూలు)

అక్కా, మీ మాట కాదనను. నాకు ఇద్దరూ ఆడపిల్లలే, భయంతో అన్నా. అన్నా, ఏమయిందో మాత్రం రాయి.

పాతబస్తీ విత్తనాలు (కర్నూలు)

పోయొచ్చింది. ఆదివారం అంగడి బంద్ కాబట్టి తీరిగ్గా రాస్తాండా.

శనివారం మాకిక్కడ మధ్యాహ్నం ఒంటిగంటన్నర, వాళ్ళకు పది, అప్పుడు "దిగుతున్నాం" అని మెసేజ్ వచ్చింది. అంగట్లో పత్తి విత్తనం కోసం రైతులు కూర్చుని ఉన్నారు. ఒకాయనకు ఏ రకం ఇచ్చినానో ఇప్పటికీ గుర్తులేదు, వెనక్కి తెస్తే మారుస్తా. తర్వాత మూడు గంటలు ఏ మెసేజూ లేదు. మా ఇంటామె నాలుగుసార్లు ఫోన్ చేసింది. "ఏమన్నా తెలిసిందా" అని కాదు, నాలుగుసార్లూ "అన్నం తిన్నావా" అని.

నాలుగున్నరకు ఫోటోలు వచ్చినాయి, ఆ వెనకే ఫోను. దీవికి చేరినారంట. నవ్వుతాంది, ఊపిరి ఆడకుండా చెప్తాంది. మూడు కాలువలు దాటినారంట, ఒకదాంట్లో నీళ్ళు తొడల దాకా వచ్చినాయంట. మే నెల మాదిరి ఎండ కాస్తాన్నా ఆ నీళ్ళు మాత్రం ఐస్ అంట. అందరూ చేతులు పట్టుకుని దాటినారంట. ఒక తమిళబ్బాయి చెప్పులేసుకుని వచ్చి, మొదటి అరగంటలోనే ఒక చెప్పు బురదకు ఇచ్చేసినాడంట. ఆ చెప్పు కోసం చెయ్యి పెడితే మోచేయి దాకా పోయింది గానీ చెప్పు దొరకలేదంట. మా పాప షూ రెండూ తిరిగొచ్చినాయి, ఆదోని తమ్ముడికి దండాలు.

నేల మీద ఎక్కడ చూసినా ఇసుక సుట్టలు సుట్టలుగా పడి ఉంది ఫోటోలో, మురుకుల గొట్టంతో అప్పుడే ఒత్తి వదిలేసినట్టు. నేను ఎవరో పోసినారేమో అనుకున్నా. అది వానపాము లాంటి పురుగంట, ఇసుక తిని, అందులో ఉన్న సారం తీసుకుని, మిగిలింది ఇట్లా పైకి తోసేస్తాదంట. రోజంతా అదే పని. మా ఇంటామె ఆ ఫోటో పెద్దది చేసి చూసి, "పిండి బాగా కుదిరింది" అనింది. ఆరోజు మా ఇంట్లో వినిపించిన మొదటి హాస్యం అదే.

ఇంకో ఫోటోలో పాప బురదలో నిలబడి ఉంది, ఆమె వెనక, దూరంగా, అపార్ట్‌మెంటంత ఓడ పోతాంది, కంటైనర్ల మీద కంటైనర్లు. నేల మీద పోతాన్నట్టే ఉంది. ఎల్బే నది సముద్రంలో కలిసే దారి పక్కనే ఉందంట, హాంబర్గ్ రేవుకు పోయే ఓడలన్నీ అట్లే పోతాయంట.

ఆ చిటపట చప్పుడు రికార్డు చేసి పంపింది. గాలి హోరు తప్ప నాకేం వినపడలేదు. ఆమెకేమో వినపడిందంట, "చెవి ఆనించి విను నాయనా" అంటాంది. విన్నా అని చెప్పినా.

వీడియోలు ఒకటికి రెండుసార్లు చూసినా నేను. గైడు అరవై ఏండ్ల మనిషి, చేతిలో పొడవాటి కర్ర, మెడలో చిన్న రేడియో. అందరూ ముందుకు, బురుజు వైపు చూసి ఫోటోలు తీసుకుంటాంటే ఆయన మాత్రం మాటిమాటికీ వెనక్కి తిరిగి చూస్తాడు. తలకాయలు లెక్కపెట్టేదానికేమో అనుకున్నా. పాపను అడిగితే, "లెక్క కూడా పెడతాడు గానీ, ముందు దాటొచ్చిన కాలువ వైపు చూస్తాడు" అనింది. ఆయన్ను చూసినాక నాకు కడుపులో కొంచెం తేలికపడింది. 2009లో మా వీధిలో ఒక్కడు అట్లా వెనక్కి చూసింటే బస్తాలు సగమన్నా మిద్దెక్కించింటాం.

చిత్రాన్నం పది మందికి పంచిందంట, ఆమెకు మిగిలింది నాలుగు ముద్దలు. దీవిలో కాఫీ, ఆపిల్ కేకు. కేకులో గుడ్డు లేదా అని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు. బురుజు ఎక్కినారంట. సాయంత్రం నాలుగు దాటినాక నీళ్ళు రావడం చూసినారంట, కట్ట మీద కూర్చుని. "వచ్చేటప్పుడు చప్పుడే లేదు నాయనా, చూస్తాండగానే మేం నడిచిన దారి లేదు" అనింది. ఓడెక్కి, రైలెక్కి, గది చేరేసరికి మాకు రాత్రి ఒంటిగంటన్నర. "చేరినా" అని వచ్చినాకే వాళ్ళమ్మ లైటు ఆపింది.

మళ్ళా ఎప్పుడన్నా పోతావా అని అడిగితే వచ్చే వేసవిలో మమ్మల్ని కూడా తీసుకుపోతాదంట, వాళ్ళమ్మను గుర్రబ్బండిలో. వీసా సంగతి తర్వాత, ముందు తుంగభద్ర బ్రిడ్జి మీద కండ్లు తెరువమను అని చెప్పినా. వంటింట్లోంచి గరిటె చప్పుడు గట్టిగా వచ్చింది.

పత్తికొండ టమాట

అన్నా, బాగా రాసినావు. మా అల్లుడు కూడా హాంబర్గ్ పక్కనే ఉన్నాడు, వాళ్ళు సెప్టెంబర్లో పోవాలంటాన్నారు. ఐదేండ్ల పిల్లోడు ఉన్నాడు. వానికి అంత నడక అవుతుందా?

ఆదోని టు హాంబర్గ్ (ఇప్పుడు బెంగళూరు)

ఐదేండ్లకు పది కిలోమీటర్లు వద్దన్నా, తొడల దాకా నీళ్ళంటే వానికి మెడ దాకా. గుర్రబ్బండి చూసుకోమనండి, అది కూడా నీళ్ళు తగ్గినప్పుడే పోతుంది, ముందే బుక్ చేయాల. లేదంటే ఒడ్డు దగ్గరే గంటసేపు తిప్పి వెనక్కి తెచ్చే చిన్న నడకలు పిల్లల కోసం పెడతారు. ఏదైనా సరే, ముందు ఆ నెల ఆటుపోట్ల పట్టిక తీసి, పాటు పగటిపూట పడే శని ఆదివారాలు ఏవో చూసుకుని, ఆ తర్వాతే సెలవు పెట్టమనండి. చాలామంది సెలవు ముందు పెట్టేసి తర్వాత పట్టిక చూస్తారు, చూస్తే నీళ్ళు తగ్గేది రాత్రి రెండు గంటలకు.